రెండు శ్రావణాల జీతం

ఆదిలాబాదు,
క్రోధన భాద్రపద శుద్ధ తదియ

చిరంజీవి సౌభాగ్యవతి లీలాబాయికి వదిన రుక్మాబాయి ఆశీర్వదించి రాయునది. ధర్మపురి స్వామి దయవల్ల నేను క్షేమం. నువ్వు, మధుసూదన్‌రావు గారు, మా ప్రమోదిని క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ అన్నయ్య పోయిన నాటి నుంచి నేను నీకు కార్డులే రాస్తూ వచ్చాను. నాలుగు వరుసలు, ఆపైన ఆశీస్సులు. నా కూతురిని నీ ఇంట్లో ఉంచుకుని నర్సు ట్రైనింగు చదివిస్తున్న దానివి, నీకు ఇంతకన్నా పెద్ద ఉత్తరం ఎప్పుడో రాయవలసింది. ఈసారి విషయం కార్డు మీద రాసేది కాదు. మా పోస్టుమాను భూమన్న కార్డును ముందు తాను చదివి, సారాంశం చెప్పి, తర్వాత చేతికిస్తాడు. నా కష్టం హాస్టలు పిల్లల చెవిన పడటం ఇష్టం లేక కవరు కొని కలం పట్టాను.

ఈ నెల నాకు జీతం రాలేదు. ప్రమోదిని కట్టవలసిన డిపాజిటు ఆ జీతంతోనే కట్టాలి. నా దగ్గర వేరే ఏమీ లేదని నీకు తెలుసు.

నువ్వు మా హాస్టలును ఒక్కసారే చూశావు, అందుకని ఇక్కడి పద్ధతి చెబుతాను. ఈ ఆడపిల్లల హాస్టలు నడిపే సేట్ గారి ఇంట లెక్కలన్నీ తిథుల మీద నడుస్తాయి. అమావాస్యతో నెల తీరుతుంది. మర్నాడు పాడ్యమికి ఆయన దుకాణానికి పోతే మా నలుగురికీ జీతం ఇస్తారు. నలుగురంటే పిల్లలను చూసుకునే నేను, వంట చేసే అనసూర్య, ఊడ్చే సమ్మవ్వ, వాచ్‌మన్ పోశం. దుకాణం లెక్కలు చూసే పాత మునీం నాగయ్య గారు నోటి లెక్కతో ఇచ్చేవారు. అధిక మాసం వచ్చిన ఏడు పదమూడు సార్లు ఇచ్చేవారు, దాన్ని ఒక విషయంగా ఎవరూ అనుకోలేదు.

నాగయ్య గారు కాలం చేశారు. ఇప్పుడు ఆ గద్దె మీద సేట్ గారి మేనల్లుడు శ్యాంసుందర్‌రావు కూర్చున్నాడు. నాగపూరులో చదివాడు, మర్యాదస్తుడు. మనిషికొక వరుస, నెలకొక గడి చొప్పున చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు గడుల కాగితం గీయించాడు. ఈ ఏడు రెండు శ్రావణాలు కదా. అధిక శ్రావణం తీరాక జీతం ఇచ్చి, శ్రావణం గడిలో సంతకాలు తీసుకున్నాడు. మొన్న పొలాల అమావాస్యతో నిజ శ్రావణం తీరింది. మర్నాడు పోతే కాగితం నా ముందుకు తిప్పాడు. "శ్రావణం గడిల మీ సంతకం ఉన్నది బాయీ. ఒక్క నెలకు రెండుసార్లు ఎట్ల ఇయ్యాలె?" అన్నాడు.

అడగకూడనిది అడిగినదాన్ని చూసినట్టు చూశాడు. వచ్చేశాను. కొత్తవాడు, పొరపాటు తెలుసుకుని సరిచేస్తాడు. ఒక పది రోజులు ఆగమని ట్రైనింగు వాళ్ళకు చెప్పగలవా?

నీ వదిన,
రుక్మాబాయి

*

కరీంనగర్,
22-9-85

వదినకు లీల నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి అట్టే కూర్చుండిపోయాను. దొంగ గోడ దూకుతుంటే "కాలు జారుతుంది నాయనా, మెల్లగా దిగు" అని చెప్పే మనిషివి నువ్వు. మర్యాదస్తుడట. మర్యాదగా మింగితే అది మింగడం కాకుండా పోతుందా?

నువ్వు చెప్పమన్నావు కనుక ట్రైనింగు స్కూలు నడిపే పెద్దమ్మను అడిగాను. ఆమె మంచిదే, కానీ ఆమె చేతిలో లేదు. పెత్రమాసతో, అంటే భాద్రపద అమావాస్యతో, సెలవులు మొదలవుతాయి. దానికి ముందురోజు సాయంత్రంలోగా డిపాజిటు కట్టకపోతే సీటు వరుసలో తర్వాతి పిల్లకు పోతుంది. ఆ పిల్ల తండ్రి మంథని దిక్కు నుంచి వచ్చి రోజూ వరండాలో బెంచీ మీద కూర్చుంటున్నాడు. మన ప్రమోదిని ఆయన ముందు నుంచే క్లాసుకు పోవాలి. నిన్న ఆయన ప్రమోదినిని పిలిచి, "మీ పైసలొచ్చినయా బిడ్డా?" అని అడిగాడట. రాలేదని చెప్పిందట ఈ పిచ్చిది. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది?

మేము సర్దుతామని రాయలేకపోతున్నాను. ఎందుకని అడగకు.

మా ఆయనకు చెబితే, "అధిక మాసంల అధిక ఫలం అంటరు, మీ వదినకు అధిక నష్టమైంది" అని నవ్వాడు. మూడు రోజులు పచ్చిపులుసే పోశాను. నాలుగో నాడు నవ్వు మానాడు.

ఆ మునీంతో నువ్వు ఏమన్నావో అది రాయి వదినా. ఏమనుకున్నావో కాదు.

లీల

*

ఆదిలాబాదు,
భాద్రపద శుద్ధ ద్వాదశి

చిరంజీవి సౌభాగ్యవతి లీలకు ఆశీస్సులు.

ఏమన్నానో రాయమన్నావు, రాస్తున్నాను. చదివి కోప్పడకు.

మొదట పంచాంగం సంచిలో పెట్టుకుని పోయాను. అది బయటికి తీసే అవసరమే రాలేదు. రెండు శ్రావణాలు వచ్చాయని శ్యాంసుందర్‌రావు తానే ఒప్పుకున్నాడు. "నాకు తెల్వదా బాయీ, మా అమ్మ గా నెలంత ఒక్కపూటే తిన్నది" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత అన్నాడు: "గని అది శూన్యమాసం. శూన్యమాసంల మా దుకాణం ఏ లెక్కా రాయది. అప్పుడు మీకిచ్చింది ముందస్తు. అసలు శ్రావణం వచ్చినంక దానికి జమ అయింది. అయిపాయె."

అయిపోయిందట. వచ్చి మిగతా ముగ్గురికీ చెప్పాను. సమ్మవ్వ చీపురు కింద పెట్టి, "శూన్యమైతే గా నెల నేను ఊడ్చిన చెత్త ఏడికెళ్ళొచ్చింది బాయమ్మా?" అన్నది. పోశం, "పోరిలు గా నెల తిన్నరా, ఉపాసమున్నరా, గది అడుగు" అన్నాడు. అనసూర్య వంటింట్లోకి పోయింది. ఆమెకు కిరాణా దుకాణంలో ఉద్దెరకు సరుకు ఇవ్వడం ఆపేశారు.

మళ్ళీ పోయాను. శ్యాంసుందర్‌రావు భోజనానికి లేచాడని చెప్పారు. కూర్చున్నాను. వచ్చి, నన్ను చూసి, గోదాములో పని ఉందని పోయాడు. మరొక రోజు దొరికాడు. సేట్ గారిని అడుగుతానన్నాను. "మామయ్య చాతుర్మాస్య దీక్షల ఉన్నడు. కార్తీక ఏకాదశి దాక పైస ముట్టడు, పైసల మాట వినడు" అన్నాడు. మరి ఎవరు వింటారని అడిగాను. "నేను వింటున్న గద బాయీ" అన్నాడు. విని ఏం చేస్తారని అడిగాను. "విన్న" అన్నాడు.

అంతే. నిజంగా అంతే. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఇంటికి వచ్చి తులసి ముందు కూర్చుంటే విష్ణు సహస్రనామం మధ్యలో "విన్న" అనే మాట వచ్చి పడింది. మొదటి నుంచి మళ్ళీ చదివాను.

ఇంకొక మాట ఉంది. ఇది ఎవరితో అనలేదు, అనకూడదు, నీకు మాత్రమే రాస్తున్నాను. అదే అధిక శ్రావణంలో సేట్ గారు ముప్పైముగ్గురు దంపతులకు అరిసెల వంటి అనార్సాలు వడ్డించి, పట్టుబట్టలు పెట్టారు. ఆ అనార్సాల పిండి పట్టింది నేనూ అనసూర్యానే. ఆ నెల పుణ్యం రాసుకోవడానికి ఉంది, మా జీతం రాయడానికి లేదు. ఇది ఎక్కడి న్యాయం? ధర్మాత్ముడి గురించి ఇట్లా అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాను. అయినా ఆ మాట పోలేదు.

అధిక మాసంలో మొదలుపెట్టిన ఒంటిపూట వ్రతం నేనింకా విడవలేదు. రాత్రి నా వాటా అనసూర్య తన పిల్లలకు తీసుకుపోతున్నది. ఈ సంగతి ప్రమోదినికి చెప్పవద్దు.

నీ వదిన

*

కరీంనగర్,
28-9-85

వదినా,

వ్రతం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు నువ్వు చేస్తున్నది పస్తు. దానికి ఉద్యాపన ఉండదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబోతే కోపంతో అక్షరాలు కనబడలేదు. అంత మాట మనసులో పెట్టుకుని, దానికి చెంపలు వేసుకున్నావా? ఆ చెంపలు వేసుకోవలసింది ఎవరు? మా అన్న ఉన్నప్పుడు కూడా ఇంతే. పాలవాడు నీళ్ళు కలిపితే, "పాపం బర్రె బక్కగున్నది" అనేదానివి. ఆయన నవ్వి ఊరుకునేవాడు, ఎందుకంటే ఆయనకు జీతం వచ్చేది.

బెంచీ మీది పెద్దమనిషి ఇప్పుడు టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకుంటున్నాడు. మధ్యాహ్నం అక్కడే తింటాడు. ప్రమోదిని ఆయనకు నీళ్ళ చెంబు ఇస్తుందట. ఇంటికి వచ్చి పుస్తకం తెరుస్తుంది, పేజీ తిప్పదు. నిన్న నీ గురించి నాతో, "అత్తా, అవ్వకు రాయకు, ఆమె పరేషానయితది. పోతే పోనీ" అన్నది. పోతే పోనీ అనే పిల్ల వంటింట్లోకి పోయి, నీళ్ళ కుండ ముందు చాలాసేపు నిలబడింది.

నువ్వు అడగలేవు. అది నీ తప్పు కాదు, నిన్ను అట్లా పెంచారు. నన్ను అట్లా పెంచలేదు. ఇంతకన్నా ఏమీ రాయను.

లీల

*

ఆదిలాబాదు,
భాద్రపద బహుళ చవితి

లీలాబాయికి,

నిన్న పొద్దున దుకాణం నుంచి కబురు వస్తే నలుగురం పోయాము. సేట్ గారు తెల్లటి పరుపు మీద జపమాలతో కూర్చున్నారు. ఆయన చేతిలో పైసా ఉండదు, ముందు కాగితం ఉండదు, కానీ మనిషి ఉన్నారు. పక్కన శ్యాంసుందర్‌రావు ఒక ఉత్తరం పట్టుకుని ఉన్నాడు. సేట్ గారు తల ఊపారు. అతడు చదివాడు.

"అధిక శ్రావణంలో మీరు ముప్పైముగ్గురు దంపతులకు పెట్టిన భోజనం దేవుడి లెక్కలోకి వచ్చిందా, రాలేదా? వస్తే ఆ నెల ఉన్నట్టే, మాకు రెండు శ్రావణాల జీతం రావాలి. ఆ నెల లేదంటే మీ పుణ్యం కూడా లేనట్టే. రెండింటిలో ఏది లేదో మీరే చెప్పండి." కింద నా పేరు.

నేను ఎవరితో అనకూడదని రాసిన మాట, లీలా. నా మాటకు నువ్వు పదును పెట్టి పంపావు. "గ" అక్షరానికి పొడుగాటి తోక పెట్టే అలవాటు మీ ఇంట్లో నీకొక్కదానికే ఉంది. అతని చేతిలోని కాగితం చూడగానే పోల్చాను.

దుకాణంలో గుమాస్తాలు రాయడం ఆపేశారు. సేట్ గారు నన్ను చూసి, "కాయ్ బాయి, ఏంది ఇది, నువ్వు రాసిందేనా?" అన్నారు. ఆయన కోపంగా అడగలేదు. కాదు అంటానని ఎదురుచూస్తున్నట్టు అడిగారు. శ్యాంసుందర్‌రావు జీతాల కాగితం పక్కన పెట్టుకున్నాడు. నా సంతకం, ఆ ఉత్తరంలో సంతకం ఒకటి కావని అతనికి అప్పటికే తెలుసు.

కాదు అనడం అబద్ధం కాదు. కాదు అంటే నా ఉద్యోగం నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. ఆ ఉత్తరంతో పాటు ఆ ప్రశ్న కూడా చెత్తబుట్టలోకి పోతుంది. నా వెనుక సమ్మవ్వ ఊపిరి నాకు వినిపిస్తున్నది.

"చేతిరాత నాది కాదు సేట్ గారూ. మాట నాదే" అన్నాను.

వెనుక నుంచి సమ్మవ్వ, "మా మాట గూడ గదే" అన్నది. పోశం దగ్గాడు. సేట్ గారు కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టారు. పొమ్మనడానికి అది గుర్తట. బయట మెట్ల మీద శ్యాంసుందర్‌రావు నన్ను ఆపి, "దీపావళి దాటినంక హాస్టలుకు కాలేజీ చదివినామెను చూస్తున్నం, మీరు గూడ చూసుకోండి" అన్నాడు. అప్పటికీ మర్యాదగానే అన్నాడు.

జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను నీకు నా పేరు ఎరువిచ్చానా? గిన్నె ఎరువిస్తే కడిగి తిరిగిస్తారు. ఇది ఎట్లా తిరిగిస్తావు? నాకు జీతం పోయింది. ఇప్పుడు పని కూడా పోయేట్టుంది. ఇక మీద ప్రమోదిని సంగతి తప్ప వేరే ఏదీ నాకు రాయవద్దు.

రుక్మాబాయి

*

కరీంనగర్,
7-10-85

వదినకు,

నీకు తిట్టడం రాదు కనుక ఆశీస్సులు రాయకుండా వదిలావు. అది తగిలింది. "చిరంజీవి" లేదు, "సౌభాగ్యవతి" లేదు. ఉత్తరం తిప్పి తిప్పి చూశాను.

చేసింది తప్పే. క్షమించమని అడిగితే వెంటనే క్షమిస్తావు, అందుకని అడగను. ఎందుకు చేశానో మాత్రం చెబుతాను.

జూన్‌లో ప్రమోదిని మొదటి ఫీజు మాఫీ అయిందని రాశాను. మాఫీ కాలేదు. మా అమ్మ, అంటే నీ అత్తగారు, నాకు పెట్టిన బంగారు గుండ్ల దండ కుదువ పెట్టి కట్టాను. మా ఆయనకు తెలియదు. పెళ్ళికి పోయినప్పుడల్లా మెడ నిండా కొంగు కప్పుకుంటున్నాను. చలిగా ఉందా అని అడిగాడు, మే నెల పెళ్ళిలో కాదు కనుక సరిపోయింది. మా అన్న కూతురికి నేను పెట్టుకున్న ఖర్చు, నీకు చెప్పే పని లేదనుకున్నాను. సర్దలేమని రాసినప్పుడు ఎందుకని అడగవద్దన్నది ఇందుకే.

కుదువ పెట్టడానికి ఇంకేం మిగిలిందా అని ఇల్లంతా చూశాను. నీ పేరు ఒక్కటే కనబడింది వదినా. దాన్ని కూడా పెట్టేశాను.

రాయవద్దన్నావు కనుక ప్రమోదిని సంగతి రాసి ఆపుతాను. ఈ శనివారం సాయంత్రం అయిదు గంటల దాకా గడువు. పెద్దమ్మ మళ్ళీ అడిగింది. బెంచీ మీది ఆయన తన బిడ్డను కూడా వెంట తెచ్చాడు. ఇద్దరు ఆడపిల్లలూ ఒకరినొకరు చూసుకోకుండా ఒకే వరండాలో తిరుగుతున్నారు.

నీ ఆడబిడ్డ,
లీల

*

ఆదిలాబాదు,
ఆశ్వయుజ శుద్ధ విదియ

చిరంజీవి సౌభాగ్యవతి లీలాబాయికి వదిన ఆశీర్వదించి రాయునది.

పైసలతో మీ దగ్గరికి పంపిన పోశం తిరిగి వచ్చాడు. శనివారం పొద్దున్నే ప్రమోదిని చేత డిపాజిటు కట్టించి, రసీదు తన కళ్ళతో చూసి వచ్చానన్నాడు. ఆ మంథని ఆయన రసీదు కొట్టే చప్పుడు విని లేచాడట. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని, బస్టాండుకు దారి పోశాన్నే అడిగాడట. పోశం ఆయనతో బస్టాండు దాకా నడిచాడట. మనకు సీటు దక్కినందుకు స్వామికి మొక్కాను. ఆ మొక్కులో ఆ మనిషి అడ్డం వచ్చాడు.

పైసలు ఎట్లా వచ్చాయో పోశం నీకు ఒక రకంగా చెప్పి ఉంటాడు. వాడు ఇక్కడ వీధి వీధికీ అట్లాగే చెబుతున్నాడు. జరిగింది నేను రాస్తాను.

బహుళ ఏకాదశికి సేట్ గారి తల్లి పేరున పితరులకు పెట్టే పక్షం పెట్టారు. మమ్మల్ని స్నానం చేసి రమ్మన్నారు. పోయేసరికి పీటల ముందు నాలుగు ఇత్తడి పళ్ళాలు. బియ్యం, తులసి దళం, దానిమీద పైసలు. ఎవరి పళ్ళెంలో వారి నెల జీతం ఎంతో అంతే. సేట్ గారు వాటిని ముట్టలేదు, నీళ్ళు వదలడానికి దర్భ పట్టుకుని కూర్చున్నారు. "నా తల్లి పేరున ఇస్తున్న. తీసుకోండి. జీతం ముచ్చట గీడికి ఖతం" అన్నారు.

నీ ఉత్తరానికి ఆయన జవాబు అది. నెల ఉందని ఒప్పుకోలేదు, పైసలు ఆపలేదు. తప్పును పుణ్యం కింద రాసుకున్నారు.

పోశం పట్టాడు. అనసూర్య ఏడుస్తూ పట్టింది. సమ్మవ్వ నా దిక్కు చూసి, "బాయమ్మా, జీతమైనా దానమైనా నాకు అయ్యే గంజి ఒక్కటే" అని మెల్లగా చెప్పి పట్టింది. నేను తప్పు పట్టలేదు, ఆమె అన్నది నిజమే.

నా వంతు వచ్చింది. శనివారం గడువని నాకు తెలుసు. చెయ్యి చాపాలి. చెయ్యి లేవలేదు.

"నేను పనిచేసిన నెల సేట్ గారూ. సంతకం పెట్టి తీసుకుంటాను, దానం పట్టలేను" అన్నాను.

"పైసలు అవే కద బాయీ."

"అవే."

"మరేంది?"

దండం పెట్టి వచ్చేశాను. ఆ సాయంత్రమే నీ ఉత్తరం అందింది. గుండ్ల దండ సంగతి చదివాను. లీలా, నీ మెడ నాకు కళ్ళ ముందు నిలిచింది. నువ్వు నా కూతురికి నగ ఇచ్చావు, నేను నా కూతురికి ఒక్కసారి చెయ్యి చాపలేకపోయాను. మర్నాడు పొద్దున లేచి స్నానం చేశాను. దానమే పడతానని నిశ్చయించుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. హాస్టలు గేటు దాటాను కూడా.

ఎదురుగా శ్యాంసుందర్‌రావు స్కూటరు ఆపాడు. క్షౌరం లేదు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పట్టని దానం పళ్ళెం ఇంట్లో ఉండగా తల్లి పక్షం ముగిసినట్టు కాదని పురోహితుడు చెప్పాడట. అది ముగిసేదాకా సేట్ గారు అన్నం ముట్టనని కూర్చున్నారట. ఏకాదశి ఉపవాసం, దాని మీద ద్వాదశి పస్తు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఇంట్లో ఆడవాళ్ళంతా తన మీద పడ్డారట. "నాకు తల తిరుగుతున్నది బాయీ, గీడ సంతకం పెట్టు" అని స్కూటరు సీటు మీదే కాగితం పరిచాడు. శ్రావణం గడి పక్కన స్కేలుతో కొత్త గీత గీసి ఉంది. పైన "రెండవ శ్రావణం" అని రాసి ఉంది. అతని చేతిలో కవరు ఉంది. పళ్ళెంలోవి గుడికి పంపారట, ఇవి దుకాణం పైసలట.

సంతకం పెట్టాను. పెట్టి చూస్తే కింద మూడు వరుసలూ ఖాళీ. మిగతా ముగ్గురి మాటేమిటని అడిగాను.

"వాళ్ళు పట్టిండ్రు గద."

"వాళ్ళు పట్టింది మీ అమ్మమ్మ గారి పేరున దానం. అది జీతం కిందికి తిప్పితే దానం పోతుంది. జీతం ఇంకా బాకీనే కదా."

నేను వాదానికి అనలేదు, నాకు నిజంగానే అట్లా తోచింది. శ్యాంసుందర్‌రావు గేటు పక్క రాయి మీద కూర్చుండిపోయాడు. "మామయ్యకు జెప్త. ముందు గాయన్ని అన్నం తిననియ్యి" అని పోయాడు. దీపావళికి ఇస్తామని నిన్న కబురు వచ్చింది. ఇస్తారో లేదో. కాలేజీ చదివినామె మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుతారో లేదో. నేను మాత్రం ఆ రోజు నుంచి రెండు పూటలా తింటున్నాను.

ఇప్పుడు హాస్టలు ఖాళీ. పిల్లలు బతుకమ్మకు ఇళ్ళకు పోయారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయగలుగుతున్నాను. ఊళ్ళో అందరూ బాయమ్మ దానం తిరగ్గొట్టి జీతం గెలిచిందంటున్నారు. గుడి దగ్గర ఒకామె నా కాళ్ళు కూడా ముట్టింది. చెప్పులు వేసుకుని నేను గేటు దాటింది ఎటు పోవడానికో ఎవరికీ తెలియదు. స్కూటరు ఒక ఘడియ ఆలస్యమైతే నా చెయ్యి చాపి ఉండేది. ఒక రోజు ఆలస్యమైతే ప్రమోదిని ఇంటికి వచ్చి ఉండేది.

నీ మీద కోపం లేదు. నా పేరు నువ్వు వాడుకోవడం తప్పే, ఆ మాట మార్చను. అయినా నీ ఉత్తరం లేకపోతే నేను ఈనాటికీ ఆ దుకాణం బల్ల మీద కూర్చుని "విన్న" అనే మాటే వింటూ ఉండేదాన్ని. ఈ రెండూ నిజమే. ఎట్లా సర్దుకోవాలో స్వామే చెప్పాలి. గుండ్ల దండకు కార్తీకం నుంచి నెలనెలా కొంత పంపుతాను, వద్దని రాయకు.

ఒకటి అడుగుతాను. నేను రాసినవి చింపవద్దు. దేవుడి గూట్లో కాకపోయినా బీరువా అడుగున ఎక్కడైనా ఉంచు. మా ప్రమోదిని కంట మాత్రం పడనియ్యకు. అది చదివితే రెండు అడుగుతుంది. నా సీటు పోతుందని తెలిసి కూడా పళ్ళెం ఎందుకు వదిలావు అవ్వా అంటుంది. వదిలినదానివి మళ్ళీ ఎందుకు బయల్దేరావు అంటుంది. ఒక దానికి జవాబు చెబితే రెండోదానికి తల దించుకోవాలి. పళ్ళెం వదిలినామె, గేటు దాటినామె, ఈ ఇద్దరిలో దాని తల్లి ఎవరో నాకింకా తెలియలేదు.

నీ వదిన,
రుక్మాబాయి